మీ మైక్రోకంట్రోలర్ ప్రాజెక్టుకు వైఫై, లోరా, సిమ్ కలపడం ఎలా?

సెన్సర్ పని చేస్తోంది, బోర్డు దాన్ని చదువుతోంది, సీరియల్ మానిటర్‌లో అంకెలు చక్కగా కదులుతున్నాయి. ఇక్కడిదాకా చాలామంది తేలిగ్గానే వస్తారు. యూఎస్‌బీ కేబుల్ పీకేసి, అవే అంకెలు ఎక్కడో దూరంగా ఉన్న ఫోన్‌లో కనిపించాలి అనుకున్నప్పుడే అసలు పని మొదలవుతుంది.

ఆ పనిని మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ చేసుకుంటూ వెళ్దాం. ఉదాహరణగా నీళ్ల ట్యాంకులో మట్టం ఎంతుందో చూసి చెప్పే చిన్న పరికరాన్ని తీసుకుందాం. మీ ప్రాజెక్టు వేరేదైనా దారి ఇదే. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను. వైర్‌లెస్ ప్రాజెక్టుల్లో "సిగ్నల్ రావట్లేదు", "మాడ్యూల్ పాడైపోయింది", "లైబ్రరీలో ఏదో తప్పుంది" అనుకునే వాటిలో చాలావరకు కరెంటు సరిగ్గా అందకపోవడం వల్ల వచ్చే ఇబ్బందులే. అందుకే ఇందులో కోడ్ కన్నా ముందు కరెంటు గురించే ఎక్కువ మాట్లాడతాను.

ముందు రేడియోను ఎంచుకోండి

మాడ్యూల్ కొనే ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: డేటా ఎంత దూరం వెళ్లాలి, ఒక్కోసారి ఎన్ని బైట్లు పంపాలి, కరెంటు గోడ నుంచి వస్తుందా బ్యాటరీ నుంచా. మన ట్యాంకు విషయంలో పంపాల్సింది ఒక్క అంకె, అదీ అరగంటకోసారి. ఇంత చిన్న పనికి ఏ రేడియో అయినా సరిపోతుంది కాబట్టి, దూరాన్నీ కరెంటునూ చూసి నిర్ణయించుకుంటే చాలు.

పరికరం పెట్టే చోట వైఫై అందుతుంటే ఇంకేం ఆలోచించకండి, వైఫైతోనే వెళ్లండి. ఆర్డుయినో ఊనోకి విడిగా వైఫై మాడ్యూల్ తగిలించడం కన్నా ప్రాజెక్టు మొత్తాన్ని ఈఎస్‌పీ32 బోర్డు మీదికి మార్చడమే మంచిదని నా అభిప్రాయం. మామూలు ఊనోలో (ఆర్3) ఉన్నది 2 కిలోబైట్ల ర్యామ్. దాంట్లో నెట్‌వర్క్ పని చేయించడం అంటే ప్రతి అక్షరానికీ లెక్క చూసుకోవాలి. ఈఎస్‌పీ32లో వైఫై, బ్లూటూత్ రెండూ చిప్‌లోనే ఉన్నాయి, మెమరీ కూడా వందల కిలోబైట్లు. కాకపోతే రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఈఎస్‌పీ8266 (ఈఎస్‌పీ32కు ముందు వచ్చిన వైఫై చిప్), మామూలు ఈఎస్‌పీ32 రెండూ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ మాత్రమే ఆన్ చేసి ఉంటే వాటికి ఆ నెట్‌వర్క్ కనిపించదు. రెండోది, ఈఎస్‌పీ32లో ఏడీసీ2కి (అనలాగ్ వోల్టేజ్‌ను అంకెగా మార్చే రెండు భాగాల్లో రెండోది) చెందిన పిన్నులు వైఫై నడుస్తున్నప్పుడు అనలాగ్ రీడింగ్‌కు పనికిరావు. మట్టం చూసే ప్రెషర్ సెన్సర్ బల్ల మీద బాగానే పనిచేసి, వైఫై కోడ్ కలపగానే పిచ్చి అంకెలు ఇస్తుంటే ముందు పిన్ నంబరు చూడండి. 32 నుంచి 39 వరకు ఉన్న పిన్నులు ఏడీసీ1వి. అనలాగ్ సెన్సర్‌ను వాటికే కలపండి.

ఫోన్ చేతిలో పట్టుకుని పరికరం దగ్గరికి వెళ్లి చూసుకుంటే చాలు అనుకుంటే బ్లూటూత్ సరిపోతుంది. హెచ్‌సీ-05 మాడ్యూల్ ఆండ్రాయిడ్ ఫోన్లతో హాయిగా మాట్లాడుతుంది గానీ ఐఫోన్‌తో సీరియల్‌గా కలవదు. ఐఫోన్ వాడేవాళ్లు కూడా ఉంటే బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) ఉన్న బోర్డు తీసుకోండి.

మీ రెండు బోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు అనుకుంటే ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 అనే చిన్న రేడియో మాడ్యూల్ ఉంది. ఒక ప్యాకెట్‌లో 32 బైట్లు పంపుతుంది. రెండువైపులా ఈఎస్‌పీ బోర్డులే ఉంటే ఈఎస్‌పీ-నౌ ఇంకా తేలిక: రౌటర్ అవసరం లేదు, ఒక్కో సందేశంలో 250 బైట్ల దాకా పంపొచ్చు.

దూరం కిలోమీటర్లలో ఉండి, పంపాల్సింది కొన్ని బైట్లే అయితే లోరా (కొద్ది డేటాను చాలా దూరం పంపే రేడియో పద్ధతి). ఇక్కడ స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ అనే సెట్టింగ్ ఉంటుంది, 7 నుంచి 12 వరకు. అది పెంచిన కొద్దీ దూరం పెరుగుతుంది, కానీ సందేశం గాల్లో ఉండే సమయం కూడా పెరుగుతుంది. 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో 20 బైట్ల సందేశానికి 7 దగ్గర సుమారు 57 మిల్లీసెకన్లు పడితే, 12 దగ్గర సుమారు 1.3 సెకన్లు పడుతుంది. అంతసేపూ ట్రాన్స్‌మిటర్ కరెంటు తాగుతూనే ఉంటుంది, మిగతావాళ్లకు ఛానెల్ దొరకదు. కాబట్టి 7తో మొదలుపెట్టి, అందకపోతేనే ఒక్కొక్క మెట్టు పెంచండి. లోరా మాడ్యూల్ కొనేటప్పుడు మీ దేశంలో ఏ ఫ్రీక్వెన్సీకి అనుమతి ఉందో చూసి కొనాలి. ఐరోపాలో ఎక్కువగా 868 మెగాహెర్ట్జ్, అమెరికాలో 915, భారత్‌లో 865 నుంచి 868. ఒక బ్యాండ్‌కు చేసిన మాడ్యూల్‌ను ఇంకో బ్యాండ్‌లో నడపడం చట్టపరంగానూ ఇబ్బందే, దూరమూ రాదు.

ఇవేవీ అందని చోటే సిమ్ పెట్టండి. సెల్యులార్‌కు కరెంటు ఎక్కువ కావాలి, నెలనెలా ఖర్చు ఉంటుంది, ఓపికా కావాలి. పరికరాలు చాలా ఉంటే అన్నింట్లో సిమ్ పెట్టే బదులు, వాటిని లోరాతో ఒక్క బోర్డుకు కలిపి, ఆ ఒక్కదానికే సిమ్ గానీ వైఫై గానీ పెట్టడం మేలు.

సిమ్ మాడ్యూళ్లలో అభిరుచి కోసం చేసేవాళ్లు ఎక్కువగా వాడింది సిమ్800ఎల్. చిన్నది, చవక, ఉదాహరణలు కుప్పలుగా దొరుకుతాయి. కానీ అది 2జీ మాత్రమే. ఏటీ అండ్ టీ తన 2జీని 2017 జనవరిలో ఆపేసింది, సింగపూర్‌లో అదే ఏడాది 2జీ ఆగిపోయింది. మొదటి నుంచీ 4జీతోనే నడిచే ఆపరేటర్లూ ఉన్నారు, వాళ్ల సిమ్ ఈ మాడ్యూల్‌లో నెట్‌వర్క్ పట్టదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎల్‌టీఈ క్యాట్-1 (పరికరాల కోసం చేసిన, వేగం తక్కువ ఉన్న 4జీ రకం) ఉన్న ఏ7670 లాంటి మాడ్యూల్ తీసుకోవడం మంచిది. సెకనుకు 10 మెగాబిట్ల డౌన్‌లోడ్ ఇస్తుంది, మన ట్యాంకుకు అది చాలా ఎక్కువే. ఎల్‌టీఈ-ఎం, ఎన్‌బీ-ఐఓటీ (తక్కువ కరెంటు పరికరాల కోసం చేసిన సెల్యులార్ రకాలు) మాడ్యూళ్లు బ్యాటరీకి ఇంకా మంచివి, అయితే మీ ఆపరేటర్ ఆ సేవను మీరున్న చోట ఇస్తున్నారా, మామూలు సిమ్‌తో వాడనిస్తారా అని ముందే కనుక్కోండి. మాడ్యూల్ పేరు చివర ఉండే అక్షరాలను కూడా పట్టించుకోండి. ఒకే మాడ్యూల్‌ను వేర్వేరు ప్రాంతాల బ్యాండ్లకు వేర్వేరుగా తయారుచేస్తారు. డేటాషీట్‌లోని బ్యాండ్ల పట్టిక మీ ఆపరేటర్ బ్యాండ్లతో కలిస్తేనే కొనండి.

కరెంటు: సగం సమస్యలు ఇక్కడే తీరిపోతాయి

రేడియో కరెంటును ఒకే తీరుగా తీసుకోదు. ఊరికే ఉన్నప్పుడు కొద్దిగా తీసుకుని, పంపే క్షణంలో ఒక్కసారిగా గుంజుతుంది. మల్టీమీటర్‌లో మీకు కనిపించేది సగటు. ఆ క్షణంలో వోల్టేజ్ ఎంత పడిపోయిందో మీటర్ చూపించలేదు.

ఈఎస్‌పీ8266 పంపేటప్పుడు 170 మిల్లీ ఆంపుల దాకా తీసుకుంటుంది. ఊనోలోని 3.3 వోల్టుల పిన్ ఇవ్వగలిగేది 50 మిల్లీ ఆంపులు. ఆ పిన్ నుంచి ఈఎస్‌పీ-01కి (ఈఎస్‌పీ8266 ఉన్న చిన్న మాడ్యూల్) కరెంటు ఇస్తే లైటు వెలుగుతుంది, ఒక్కోసారి జవాబు కూడా ఇస్తుంది, వైఫైకి కలవబోతూ రీసెట్ అవుతుంది. ఈఎస్‌పీ32కు కనీసం 500 మిల్లీ ఆంపులు ఇవ్వగల సప్లై ఉండాలి. సీరియల్ మానిటర్‌లో "బ్రౌన్‌అవుట్ డిటెక్టర్" అనే మాట కనిపిస్తే వోల్టేజ్ పడిపోయి బోర్డు రీసెట్ అయిందని అర్థం, కోడ్ వైపు చూడనే వద్దు. యూఎస్‌బీ కేబుల్ మార్చండి. పొడవైన, సన్నటి కేబుళ్లే చాలాసార్లు కారణం.

ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01కి మందు ఇంకా చిన్నది: మాడ్యూల్ విద్యుత్ పిన్నుల మీదే, వీలైనంత దగ్గరగా, ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ సోల్డర్ చేయండి. పనిచేయట్లేదని పక్కన పడేసిన మాడ్యూళ్లు దీంతో లేచి కూర్చుంటాయి. యాంప్లిఫయర్ ఉన్న పొడవాటి యాంటెన్నా రకం అయితే వంద మిల్లీ ఆంపుల పైనే తీసుకుంటుంది, దానికి విడిగా రెగ్యులేటర్ పెట్టండి.

ఇక అసలైన పరీక్ష జీఎస్ఎం, అంటే సిమ్800ఎల్ వాడే 2జీ పద్ధతి. సిమ్800ఎల్‌కు 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య కరెంటు కావాలి. అంటే 3.3 సరిపోదు, 5 ఇస్తే పాడవుతుంది. పంపేటప్పుడు 2 ఆంపుల దాకా గుంజుతుంది, అదీ 577 మైక్రోసెకన్ల పాటు, ప్రతి 4.6 మిల్లీసెకన్లకోసారి. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. సప్లైలో 4.0 వోల్టులు పెట్టారు. జంపర్ వైర్లు, బ్రెడ్‌బోర్డ్ క్లిప్పులు అన్నీ కలిపి 0.3 ఓమ్ ఉన్నాయనుకోండి, బ్రెడ్‌బోర్డ్‌లో అది మామూలే. 2 ఆంపులు వెళ్లేటప్పుడు ఆ వైర్లలోనే 0.6 వోల్టులు పోతాయి. మాడ్యూల్‌కు మిగిలింది 3.4. అంటే సరిగ్గా అంచు మీద ఉంది. టవర్ కాస్త దూరమై మాడ్యూల్ గట్టిగా అరవాల్సి వస్తే రీసెట్. మీటర్ మాత్రం అప్పుడు కూడా 3.9 అనో 4.0 అనో చూపిస్తూనే ఉంటుంది.

పెద్ద కెపాసిటర్ పెడితే సరిపోతుంది కదా అంటారు. పెట్టండి, కానీ దాని మీదే ఆధారపడకండి. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే ఆ 2 ఆంపులను 577 మైక్రోసెకన్ల పాటు మోయాలంటే దాని వోల్టేజ్ 1.15 వోల్టులు పడిపోతుంది. కెపాసిటర్ సాయం చేస్తుంది గానీ, వెనక ఉన్న సప్లై బలంగా ఉండాలి, వైర్లు పొట్టిగా, లావుగా ఉండాలి. నేను చెప్పే అమరిక ఇది: 3 ఆంపుల బక్ కన్వర్టర్‌ను (వోల్టేజ్ తగ్గించే చిన్న బోర్డు) 4.0 వోల్టులకు సెట్ చేసి, దాని నుంచి మాడ్యూల్‌కు నేరుగా సోల్డర్ చేసిన పొట్టి వైర్లు, మాడ్యూల్ పిన్నుల దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి. కన్వర్టర్‌ను మాడ్యూల్‌కు కలపకముందే మీటర్‌తో 4.0కి సెట్ చేయాలి, కలిపాక కాదు. లిథియం-అయాన్ సెల్ ఒకటి ఉంటే ఇంకా తేలిక, నిండుగా ఉన్నప్పుడు 4.2, వాడుతున్నప్పుడు 3.7 చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి నేరుగా సరిపోతుంది. రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్ తీసుకోండి.

ఎల్‌టీఈ మాడ్యూళ్లకు కూడా 2 ఆంపులు ఇవ్వగల సప్లై పెట్టండి. బోర్డు గ్రౌండ్, మాడ్యూల్ గ్రౌండ్ కలపడం మర్చిపోవద్దు. రెండు వేర్వేరు సప్లైలు వాడేటప్పుడు ఇది తరచూ తప్పిపోతుంది, అప్పుడు సీరియల్‌లో చెత్త అక్షరాలు తప్ప ఏమీ రావు.

సిగ్నల్ వైర్లలో వోల్టేజ్

ఊనో పిన్ నుంచి 5 వోల్టులు వస్తాయి. చాలా రేడియో మాడ్యూళ్లు 3.3 వోల్టులకు చేసినవి. సిమ్800ఎల్ సీరియల్ పిన్నులైతే 2.8 వోల్టులవి. అందుకే బోర్డు టీఎక్స్ (పంపే పిన్) నుంచి మాడ్యూల్ ఆర్ఎక్స్‌కు (అందుకునే పిన్) వెళ్లే దారిలో రెండు రెసిస్టర్లు పెట్టాలి. 3.3 వోల్టుల మాడ్యూల్ అయితే టీఎక్స్ నుంచి ఆర్ఎక్స్‌కు 10 కిలో ఓమ్, ఆర్ఎక్స్ నుంచి గ్రౌండ్‌కు 20 కిలో ఓమ్. సిమ్800ఎల్ అయితే 10, 12 కిలో ఓమ్‌లు, అప్పుడు సుమారు 2.7 వోల్టులు వస్తాయి.

వెనక్కి వచ్చే దారి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. 5 వోల్టుల ఊనో ఒక పిన్‌ను "హై" అని కచ్చితంగా గుర్తించాలంటే అక్కడ 3 వోల్టులు ఉండాలి. మాడ్యూల్ ఇచ్చేది 2.8. మామూలుగా పనిచేస్తుంది, కానీ హామీ లేదు. ఒక అక్షరం పోవడం, ఎప్పుడో ఒకసారి "ఓకే" రాకపోవడం ఇలాంటి చోటే మొదలవుతాయి. 3.3 వోల్టుల బోర్డు వాడితే ఈ టెన్షన్ ఉండదు. కొన్ని ఎల్‌టీఈ మాడ్యూళ్ల పిన్నులు 1.8 వోల్టులవి, వాటికి లెవల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజ్‌ను మార్చే చిన్న సర్క్యూట్) తప్పనిసరి. మీరు కొన్న బ్రేకవుట్ బోర్డు మీద అది ముందే ఉందో లేదో దాని సర్క్యూట్ బొమ్మలో చూసుకోండి.

యాంటెన్నా

యాంటెన్నా లేకుండా లోరా, జీఎస్ఎం మాడ్యూళ్లను ఆన్ చేయకండి. పంపిన శక్తి బయటికి పోలేక వెనక్కి వచ్చి చిప్‌లోని యాంప్లిఫయర్‌ను కాల్చేయగలదు. వైరుతో మీరే చేసుకోవాలంటే పావు తరంగం పొడవు తీసుకోండి: 433 మెగాహెర్ట్జ్‌కు 17.3 సెంటీమీటర్లు, 868కి 8.6. ఇనుప పెట్టెలో పెట్టి మూత వేస్తే ఏ రేడియో అయినా మూగబోతుంది, యాంటెన్నాను బయటికి తీయాలి. మన ఉదాహరణలో ఇంకో జాగ్రత్త ఉంది. నీళ్లు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను బాగా పీల్చుకుంటాయి. బోర్డుకూ రౌటర్‌కూ మధ్య ట్యాంకు అడ్డం రాకుండా, రౌటర్ వైపున పెట్టండి. ఆ బుల్లి గుండ్రటి యూ.ఎఫ్ఎల్ కనెక్టర్‌ను మాటిమాటికీ పీకి పెట్టొద్దు, అది సుమారు 30 సార్లకు తయారుచేసింది.

కోడ్ రాయకముందు మాడ్యూల్‌తో చేత్తో మాట్లాడండి

ఈ మెట్టును దాటేసేవాళ్లే ఎక్కువ, ఆ తర్వాత రోజులు పోగొట్టుకునేదీ వాళ్లే. లైబ్రరీ "కలవలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఎందుకు కలవలేదో మాడ్యూల్ మాత్రమే చెప్పగలదు.

ముందు సిమ్‌ను ఒక ఫోన్‌లో వేసి చూడండి. పిన్ లాక్ ఉంటే తీసేయండి, డేటా వస్తోందో లేదో చూడండి, ఏపీఎన్ (ఆపరేటర్ ఇంటర్నెట్‌కు కలిపే సెట్టింగ్) పేరు రాసి పెట్టుకోండి. తర్వాత సిమ్‌ను మాడ్యూల్‌లో వేసి, యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్‌తో కంప్యూటర్‌కు కలపండి. అడాప్టర్ పిన్నులు ఎన్ని వోల్టులవో చూసి, పైన చెప్పిన రెసిస్టర్ల సంగతి ఇక్కడా పాటించండి. సీరియల్ మానిటర్‌లో లైన్ ముగింపుకు న్యూలైన్, క్యారేజ్ రిటర్న్ రెండూ వెళ్లేలా ఎంచుకోండి.

ఇప్పుడు మాడ్యూల్‌కు అర్థమయ్యే ఈ ఏటీ కమాండ్లను ఒక్కొక్కటే టైప్ చేయండి. (ఇక్కడ తెలుగులో రాసినవన్నీ మానిటర్‌లో ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కొట్టాలి.)

ఏటీ అని కొడితే ఓకే రావాలి. రాకపోతే టీఎక్స్, ఆర్ఎక్స్ వైర్లు తారుమారయ్యాయేమో, బాడ్ రేటు (సీరియల్ వేగం) తప్పేమో చూడండి. ఇది వచ్చేదాకా ముందుకు వెళ్లొద్దు.

ఏటీ+సీపిన్? అని కొడితే రెడీ అని రావాలి. ఎర్రర్ వస్తే సిమ్ సరిగ్గా కూర్చోలేదు, సిమ్ పిన్ అని వస్తే లాక్ ఉంది.

ఏటీ+సీఎస్‌క్యూ అని కొడితే సిగ్నల్ అంకె వస్తుంది, 0 నుంచి 31 వరకు. 99 వచ్చిందంటే మాడ్యూల్‌కు సిగ్నల్ ఏమీ తెలియదని అర్థం. ఆ అంకెను రెండుతో గుణించి 113 తీసేస్తే డెసిబెల్ మిల్లీవాట్లు వస్తాయి. 10 వస్తే మైనస్ 93 అన్నమాట, పనికి సరిపోతుంది. 10 కన్నా తక్కువ ఉంటే యాంటెన్నా చోటు మార్చి చూడండి, ఒక్క అడుగు పక్కకు జరిపినా అంకె మారుతుంది.

ఏటీ+సీఆర్‌ఈజీ? అన్నిటికన్నా ఎక్కువ విషయం చెప్పేది. జవాబులో రెండో అంకె చూడండి. 1 అయితే సొంత నెట్‌వర్క్‌లో నమోదైంది, 5 అయితే రోమింగ్‌లో నమోదైంది. 2 అంటే ఇంకా వెతుకుతోంది, ఒక నిమిషం ఆగి మళ్లీ అడగండి. 3 అంటే నెట్‌వర్క్ ఒప్పుకోలేదు. సిగ్నల్ 20 ఉండి ఇక్కడ 3 వస్తుంటే మీ వైరింగ్‌లో తప్పేమీ లేదు. సిమ్ యాక్టివేట్ కాలేదు, లేదా ఆ ఆపరేటర్ ఈ రకం మాడ్యూల్‌ను తీసుకోవట్లేదు. ఎల్‌టీఈ మాడ్యూల్ అయితే సీఆర్‌ఈజీ బదులు సీఈఆర్‌ఈజీ అని అడగాలి, అంకెల అర్థాలు అవే.

సిమ్800ఎల్ మీద లైటు కూడా ఈ సంగతే చెబుతుంది. దాదాపు సెకనుకోసారి మెరుస్తుంటే నెట్‌వర్క్ వెతుకుతోంది, మూడు సెకన్లకోసారి అయితే కలిసింది. కలిసినట్టే కలిసి మళ్లీ సెకనుకోసారికి వచ్చేస్తుంటే మాడ్యూల్ రీసెట్ అవుతోంది, మళ్లీ కరెంటు దగ్గరికే వెళ్లండి.

చివరగా ఒక ఎస్ఎంఎస్. ఏటీ+సీఎంజీఎఫ్=1 కొట్టి, తర్వాత ఏటీ+సీఎంజీఎస్= అని మీ ఫోన్ నంబరును దేశం కోడ్‌తో, కోట్స్ మధ్య ఇవ్వండి. కోణం గుర్తు కనిపించాక సందేశం టైప్ చేసి కంట్రోల్-జెడ్ పంపాలి, అది 26వ నంబరు అక్షరం. ఫోన్ మోగిందంటే కరెంటు, యాంటెన్నా, సిమ్, నెట్‌వర్క్ అన్నీ సరిగ్గా ఉన్నట్టే. ఇకపై ఏదైనా తేడా వస్తే అది కోడ్‌లోదేనని ధైర్యంగా అనుకోవచ్చు.

వైఫైకి కూడా ఇలాంటి మెట్టే ఉంది. ముందు చుట్టూ ఉన్న నెట్‌వర్కులను స్కాన్ చేసే ఉదాహరణ కోడ్ నడిపి, పరికరం చివరికి ఉండబోయే చోట మీ రౌటర్ ఎంత బలంగా కనిపిస్తోందో చూడండి. మైనస్ 70 దాకా హాయిగా ఉంటుంది, మైనస్ 80 దాటితే తెగుతూ ఉంటుంది.

ఇప్పుడు కోడ్

సిమ్ మాడ్యూళ్లకు టైనీజీఎస్ఎం లైబ్రరీ వాడండి. ఫైలు మొదట్లో, లైబ్రరీని చేర్చే లైనుకు ముందే, మీ మాడ్యూల్ రకాన్ని డిఫైన్ చేయాలి. ఈ లైబ్రరీ సిమ్‌ను మామూలు నెట్‌వర్క్ క్లయింట్‌లా చూపిస్తుంది. అంటే వైఫై మీద రాసిన కోడ్‌లో క్లయింట్ ఒక్కటి మారిస్తే సిమ్ మీద నడుస్తుంది. అందుకే ముందు వైఫైతో మొత్తం పూర్తిచేసి, తర్వాత సిమ్‌కు మార్చండి, సిమ్ డేటా కూడా వృథా కాదు. ఊనోతోనే చేయాలంటే సాఫ్ట్‌వేర్ సీరియల్ మీద 9600 బాడ్ దాటకండి. దాని బఫర్ 64 బైట్లే, పొడవైన జవాబు వస్తే తోక తెగిపోతుంది.

డేటా పంపడానికి ఎంక్యూటీటీని సిఫారసు చేస్తాను. చిన్న సందేశాలను బ్రోకర్ అనే సర్వర్ ద్వారా చేరవేసే పద్ధతి ఇది. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని చమురు పైపులైన్ల మీద ఉపగ్రహం ద్వారా నిఘా పెట్టడానికి తయారుచేశారు. అంటే ఖరీదైన, నమ్మలేని లింకు కోసమే పుట్టింది. సందేశం ముందు ఉండే హెడర్ రెండు బైట్ల నుంచే మొదలవుతుంది. ఇంకో ముఖ్యమైన కారణం ఉంది. సిమ్‌తో ఇంటర్నెట్‌కు వెళ్లిన పరికరానికి బయటి నుంచి నేరుగా చేరే చిరునామా మామూలుగా ఉండదు, ఆపరేటర్ వేలమందిని ఒకే ఐపీ వెనక పెడతారు. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి పరికరంలోకి వెళ్దామంటే కుదరదు. పరికరమే బయటికి వెళ్లి బ్రోకర్‌తో కలిసి ఉండాలి, ఎంక్యూటీటీ చేసేది అదే.

బ్రోకర్‌కు కలిసేటప్పుడే "లాస్ట్ విల్" సందేశం పెట్టండి. పరికరం చెప్పకుండా మాయమైతే బ్రోకరే "ఆఫ్‌లైన్" అని ప్రకటిస్తుంది. నీటి మట్టం సందేశాన్ని రిటైన్ చేసి (ఆఖరిదాన్ని బ్రోకర్ దాచి ఉంచేలా) పంపండి, ఫోన్‌లో యాప్ తెరవగానే ఆఖరి అంకె కనిపిస్తుంది. ఎంక్యూటీటీకి పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీ వాడితే ప్యాకెట్ పరిమితి మామూలుగా 256 బైట్లు. అంతకన్నా పెద్ద సందేశం పంపితే ఫంక్షన్ ఫాల్స్ ఇస్తుందే తప్ప ఎర్రర్ ఏమీ చూపించదు. బఫర్ సైజు పెంచండి.

ఇక లింకు తెగుతుంది అన్నది ఖాయం అనుకునే రాయండి. ఉదాహరణ కోడ్‌లలో "కలిసేదాకా వెయిట్ చేయి" అని ఒక వైల్ లూప్ ఉంటుంది. రౌటర్ ఆగిపోయిన రోజు మీ పరికరం ఆ లూప్‌లోనే ఉండిపోతుంది, సెన్సర్ చదవదు, మోటారు ఆపదు. దాని బదులు: కలిసి ఉన్నామా అని లూప్‌లో ప్రతిసారీ చూడాలి, లేకపోతే ఒకసారి ప్రయత్నించి మిగతా పనులకు వెళ్లిపోవాలి. ప్రయత్నాల మధ్య విరామాన్ని 5 సెకన్లు, 10, 20 అని రెట్టింపు చేసుకుంటూ పది నిమిషాల దగ్గర ఆపండి. పంపలేకపోయిన రీడింగులను చిన్న వరుసలో దాచి, కలిశాక పంపండి. వాచ్‌డాగ్ టైమర్ (కోడ్ బిగుసుకుపోతే బోర్డును రీసెట్ చేసేది) ఆన్ చేయండి. సిమ్ మాడ్యూల్ కరెంటును ఒక మోస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) ద్వారా ఇచ్చి, దాని గేటును బోర్డు పిన్‌కు కలపండి. మాడ్యూల్ ఏ కమాండ్‌కూ జవాబివ్వకుండా బిగుసుకుపోయినప్పుడు దాన్ని పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయడం ఒక్కటే మార్గం, మీరు దగ్గర లేనప్పుడు ఆ పని బోర్డే చేయాలి.

బ్యాటరీ మీద నడపాలంటే

లెక్క వేస్తేనే అర్థమవుతుంది. ప్రతి అరగంటకూ పరికరం 10 సెకన్లు మేలుకుని సగటున 100 మిల్లీ ఆంపులు వాడుతుంది అనుకుందాం. దాన్ని 1800 సెకన్లకు పంచితే 0.56 మిల్లీ ఆంపులు. నిద్రలో 0.02 తీసుకుంటే 2000 మిల్లీ ఆంప్-అవర్ బ్యాటరీ నాలుగు నెలలు దాటి వస్తుంది, కాగితం మీద 145 రోజులు. అదే బోర్డు నిద్రలో 5 మిల్లీ ఆంపులు తీసుకుంటే 15 రోజులే. ఆ 5 ఎక్కడి నుంచి వస్తుందంటే, చాలా బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఊరికే కూర్చుని తీసుకునేది అంత ఉంటుంది. చిప్ డీప్ స్లీప్‌లో 10 మైక్రో ఆంపులే తీసుకున్నా బోర్డు మొత్తం తీసుకునేది వేరు. ఊరికే ఉన్నప్పుడు తక్కువ కరెంటు తీసుకునే రెగ్యులేటర్‌తో బోర్డు ఎంచుకోండి, ఎప్పుడూ వెలిగే పవర్ ఎల్ఈడీని తీసేయండి. ఈఎస్‌పీ8266 టైమర్‌తో మేలుకోవాలంటే జీపీఐఓ16 పిన్‌ను రీసెట్‌కు వైరుతో కలపాలి, లేకపోతే నిద్రపోయాక లేవదు.

మేలుకుని ఉండే సమయం తగ్గించడం రెండో దారి. వైఫైలో స్థిర ఐపీ ఇచ్చి, రౌటర్ ఛానెల్ నంబరు ముందే చెప్పేస్తే కలిసే సమయం బాగా తగ్గుతుంది. సిమ్ మాడ్యూల్‌ను మోస్‌ఫెట్‌తో ఆపేముందు ఏటీ+సీపీఓడబ్ల్యూడీ=1 పంపి మర్యాదగా నెట్‌వర్క్ నుంచి బయటికి రానివ్వండి. కొన్ని ఎల్‌టీఈ మాడ్యూళ్లలో ఇదే పనికి ఏటీ+సీపీఓఎఫ్ ఉంటుంది.

తాళం వేయండి

ఎంక్యూటీటీ 1883 పోర్టులో అంతా బాహాటంగా వెళ్తుంది, పాస్‌వర్డ్‌తో సహా. మోటారు నడిపే పరికరమైతే 8883 పోర్టు మీద టీఎల్ఎస్‌తోనే (డేటాను రహస్యంగా పంపే పద్ధతి) వెళ్లండి. సర్టిఫికెట్ సరిచూడాలంటే బోర్డుకు సరైన తేదీ తెలియాలి. ఆన్ కాగానే ఎన్‌టీపీ (ఇంటర్నెట్‌లో టైమ్ ఇచ్చే సేవ) నుంచి టైమ్ తెచ్చుకోకపోతే బోర్డు 1970లో ఉన్నాననుకుని సర్టిఫికెట్‌ను తిరస్కరిస్తుంది. ప్రతి కనెక్షన్ మొదట్లో టీఎల్ఎస్‌కు కొన్ని కిలోబైట్లు ఖర్చవుతాయి, సిమ్ డేటా లెక్కలో దాన్ని కూడా కలపండి. ఎస్ఎంఎస్‌తో ఆజ్ఞలు తీసుకునే పరికరమైతే పంపినవాళ్ల నంబరు చూసి మాత్రమే నమ్మొద్దు, సందేశంలో ఒక రహస్య కోడ్ కూడా అడగండి.

పెట్టేముందు తెంపి చూడండి

అన్నీ పనిచేస్తున్నప్పుడు పరీక్షించడం వల్ల తెలిసేది తక్కువ. పరికరం నడుస్తుండగా రౌటర్‌ను ఆపి, పావుగంట తర్వాత ఆన్ చేయండి. మీరు ముట్టుకోకుండా తనంతట తనే కలిసిందా? రౌటర్ ఆన్‌లోనే ఉంచి దానికి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ మాత్రం పీకండి. వైఫై ఉంది, బ్రోకర్ లేదు, ఈ స్థితిని మర్చిపోయిన కోడ్‌లు చాలా ఉంటాయి. సిమ్ మాడ్యూల్ యాంటెన్నాను తీయకుండా, మొత్తం పరికరాన్ని మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి సిగ్నల్ పోగొట్టండి, బయటికి తీశాక ఎంతసేపట్లో తేరుకుందో చూడండి. కరెంటును వెంటవెంటనే ఆపి ఆన్ చేయండి, నిజంగా కరెంటు పోయి వచ్చేటప్పుడు అలాగే వస్తుంది. బ్యాటరీ పరికరమైతే సెల్ సగం ఖాళీ అయ్యాక ఇవే పరీక్షలు మళ్లీ చేయండి. నిండు సెల్ మీద దాక్కున్న వోల్టేజ్ లోపాలు అప్పుడే బయటపడతాయి.

ప్రతి సందేశంలో మట్టంతో పాటు బ్యాటరీ వోల్టేజ్, సిగ్నల్ అంకె, బోర్డు ఆన్ అయ్యి ఎంతసేపైందో కూడా పంపండి. ఓ పది, పన్నెండు బైట్లు ఎక్కువ అవుతాయి అంతే. పరికరాన్ని తీసుకెళ్లి ట్యాంకు దగ్గర బిగించాక ఏం జరుగుతోందో మీకు చెప్పేవి ఆ మూడు అంకెలే. ఆన్ అయిన సమయం మాటిమాటికీ సున్నాకు వస్తుంటే రీసెట్లు అవుతున్నాయి, సిగ్నల్ బాగానే ఉండి వోల్టేజ్ రోజురోజుకూ జారుతుంటే ఛార్జింగ్ చాలట్లేదు. మొదటి వారం వాటిని రోజూ చూడండి.